ఆకాశగానం ఎవరి చెవిన పడింది?

రాగి రేకుల మీద పొద్దస్తమానం సుత్తి దెబ్బలు పడే కంచరి కొట్టులో పనివాడికి ఆ మోత పట్టదు. కొత్తగా లోపలికి వచ్చినవాడు చెవులు మూసుకుంటాడు, లోపలివాడు తన మానాన తాను పని చేసుకుపోతాడు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ పోలికను పైథాగరస్ అనుయాయుల వాదంగా తన 'ఆకాశాన్ని గురించి' అనే గ్రంథంలో రాసిపెట్టాడు. సూర్యచంద్రులు, గ్రహాలు, నక్షత్రాలు తిరుగుతూ ఒక మహాసంగీతాన్ని పుట్టిస్తున్నాయని వాళ్లు నమ్మారు. మరి మనకెందుకు వినపడదని అడిగితే, పుట్టిన క్షణం నుంచీ అది చెవుల్లోనే ఉంది కాబట్టి, కంచరివాడికి సుత్తి మోతలాగే మనకు నిశ్శబ్దమైపోయిందని చెప్పేవారు.

అరిస్టాటిల్ ఈ జవాబును మెచ్చుకున్నాడు, ఒప్పుకోలేదు. ఉరుము చప్పుడుకే రాళ్లు బద్దలవుతున్నాయి. అంతంత పెద్ద గోళాల చప్పుడు ఇంకెంత ఉండాలి? మన చెవులకు అలవాటైతే కావచ్చు, రాళ్లకు అలవాటవదు కదా. అలాంటి చప్పుడేదైనా ఉంటే దాని ధాటికి ఈ లోకంలో వస్తువులు ఇలా మిగిలేవి కావు. ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే పడవ చప్పుడు చేయనట్టే, తమ గోళంలో ఇమిడి తిరిగే చుక్కలూ చప్పుడు చేయవని తేల్చాడు. వాదంలో పస ఆయనదే. అయినా ఆకాశం పాడుతుందన్న నమ్మకం ఆయన తర్వాత దాదాపు 2000 ఏళ్లు బతికింది. గ్రీకు తత్త్వవేత్తల దగ్గర్నుంచి రోమన్ రాజనీతిజ్ఞులకు, వాళ్ల దగ్గర్నుంచి క్రైస్తవ మఠాలకు, చివరికి ఆధునిక ఖగోళశాస్త్రానికి పునాది వేసినవాళ్ల బల్లల మీదికి చేరింది. చేరిన ప్రతిచోటా అదే ప్రశ్న ఎదురైంది: ఈ పాట ఎవరికి వినిపిస్తుంది? జవాబు మారినప్పుడల్లా విశ్వాన్ని చూసే చూపూ మారింది. ఆ జవాబుల వెంట నడిస్తేనే ఈ చరిత్ర అర్థమవుతుందని నా అభిప్రాయం.

అంత మొండిగా బతకడానికి కారణం, అది నిలబడిన నేల గట్టిది కావడమే. వీణ ఎదురుగా ఉంటే ఆ నేలను చేత్తో తడిమి చూడొచ్చు. వీణకు 24 మెట్లు. సారణి తీగను ఊరికే మీటితే షడ్జమం. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటితే తారషడ్జమం. ఆ మెట్టు దాదాపుగా తీగకు నట్టనడుమ ఉంటుంది. అంటే మోగే తీగ పొడవు సగమైంది, నిష్పత్తి 2:1. మోగే పొడవు మూడింట రెండు వంతులైతే పంచమం, 3:2. నాలుగింట మూడు వంతులైతే శుద్ధ మధ్యమం, 4:3. ఆ మధ్యమానికీ పంచమానికీ మధ్య ఎడం 9:8. చెవికి ఇంపుగా కలిసే స్వరాల వెనుక 1, 2, 3, 4 అనే నాలుగు చిన్న అంకెలున్నాయి. ఆ నాలుగూ కలిపితే 10. పైథాగరస్ అనుయాయులు పది చుక్కలను నాలుగు వరసల త్రికోణంగా పేర్చి, దాని మీద ప్రమాణం చేసేవారని చెబుతారు.

కంటికి కనిపించని ఒక అనుభూతి, ఇంపు, అంకెల్లో పట్టుబడింది. ఇంపే అంకెలకు లొంగినప్పుడు ఆకాశం మాత్రం ఎందుకు లొంగదు? ఈ దూకుడులోనే సాహసమూ ఉంది, పొరపాటూ ఉంది. అంకెలు తొలినాడే చిన్న హెచ్చరిక కూడా చేశాయి. షడ్జమం నుంచి పంచమం, దాని నుంచి మళ్లీ పంచమం, ఇలా 12 సార్లు ఎక్కుతూ పోతే 7 స్థాయిలు దాటి మళ్లీ షడ్జమం మీదికే రావాలి. కానీ ఒకటిన్నరను 12 సార్లు హెచ్చవేస్తే 129.75 వస్తుంది, రెండును 7 సార్లు హెచ్చవేస్తే 128. ఆ కాస్త తేడా ఎప్పటికీ పూడదు. విశ్వం మొత్తాన్ని నాలుగు అంకెల్లో బిగించాలనుకున్నవాళ్లకు తమ వాద్యంలోనే సన్నని పగులు కనిపించింది.

పైథాగరస్ ఈ రహస్యాన్ని కమ్మరి కొట్టులో కనిపెట్టాడని ఒక కథ ఉంది. గెరాసాకు చెందిన నికోమాకస్ దాన్ని రాశాడు, ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా ఎన్నో సంగీత గ్రంథాలు దాన్నే చెప్పాయి. వేర్వేరు బరువుల సుత్తులు వేర్వేరు స్వరాలు పలుకుతుంటే ఆయన వాటిని తూచాడట, 12, 9, 8, 6 అనే నిష్పత్తులు దొరికాయట. తర్వాత అవే బరువులను తీగలకు వేలాడదీస్తే అవే స్వరాలు పలికాయట. ఎవరూ చేసి చూడలేదు. 16వ శతాబ్దం చివర్లో ఫ్లారెన్స్‌కు చెందిన లూట్ వాద్యకారుడు విన్‌చెంజో గెలీలీ చేసి చూశాడు. తీగకు రెండింతల బరువు కడితే తారషడ్జమం రాలేదు, నాలుగింతలు కడితేనే వచ్చింది. పొడవుకు ఉన్న లెక్క బరువుకు లేదు, అక్కడ వర్గమూలం దూరుతుంది. ఈ విన్‌చెంజో కొడుకే గెలీలియో.

మళ్లీ వెనక్కి వెళితే, ప్లేటో ఈ భావానికి రెండు రూపాలు ఇచ్చాడు. 'టిమేయస్'లో సృష్టికర్త విశ్వాత్మను 1, 2, 3, 4, 8, 9, 27 అనే సంఖ్యల ప్రకారం కోసి, మధ్య ఖాళీలను సంగీత నిష్పత్తులతో నింపుతాడు. అందులో చప్పుడు లేదు, అంతా అంకెలే. 'రిపబ్లిక్' చివర చెప్పిన కథలో మాత్రం ఆకాశంలో ఎనిమిది వలయాలు తిరుగుతుంటాయి, ఒక్కో వలయం మీద ఒక్కో గాయని నిలబడి ఒకే ఒక్క స్వరం పాడుతుంది. ఎనిమిదీ కలిసి ఒక మేళం. ఈ కథలో పాట విన్నవాడు యుద్ధంలో చచ్చిపడి, పన్నెండో రోజున చితి మీద లేచి కూర్చున్న సైనికుడు. అంటే వినాలంటే చావు గడప దాకా వెళ్లి రావాలి. సిసెరో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో రాసిన 'సిపియో కల'లో వినేది కల కంటున్న సేనాని. నైలు నది జలపాతాల పక్కన బతికేవాళ్లు ఆ హోరుకు చెవిటివాళ్లైనట్టే మనమూ అయ్యామని అక్కడ చెబుతారు. కంచరి కొట్టు పోయి జలపాతం వచ్చింది, వాదం అదే.

క్రైస్తవం వచ్చేసరికి చిక్కు మారింది. గ్రీకులకు గ్రహాలు దేవతలు, లేదా దేవతల వంటివి. ఒకే దేవుణ్ణి నమ్మేవాళ్లకు అవి చేసిన వస్తువులు. చేసిన వస్తువు పాడితే దాని పాట ఎవరిది? లేఖనాల్లో ఆధారం లేకపోలేదు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో, భూమికి పునాది పడిన వేళ వేకువ చుక్కలు కలిసి పాడిన ప్రస్తావన ఉంది. 19వ కీర్తన ఆకాశాలు మాట లేకుండానే దేవుని మహిమను చాటుతున్నాయంటుంది. సొలొమోను జ్ఞానగ్రంథం దేవుడు అన్నిటినీ కొలతతో, సంఖ్యతో, తూకంతో అమర్చాడని చెబుతుంది. ఈ చివరి మాట మధ్యయుగపు పండితులకు తాళంచెవిలా ఉపయోగపడింది. పైథాగరస్ అంకెలను చర్చి గుమ్మం లోపలికి తీసుకురావడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

తొలి క్రైస్తవుల్లో అందరూ ఒకే మాట మీద లేరు. అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్ 2వ శతాబ్దం చివర్లో గ్రీకులను ఉద్దేశించి రాసిన గ్రంథాన్ని ఏకంగా సంగీతంతోనే మొదలుపెట్టాడు. ఓర్ఫియస్ వంటి పాటగాళ్ల కథలను పక్కకు నెట్టి, సృష్టిని శ్రుతి చేసిన అసలు గాయకుడు దేవుని వాక్కేనని, కలవని మూలతత్త్వాలను కలిపిన కొత్త పాట అదేనని వాదించాడు. ఆయన దృష్టిలో మనిషే వాద్యం. 4వ శతాబ్దంలో కైసరియా బిషప్ బాసిల్ ఆరు రోజుల సృష్టి మీద ఉపన్యాసాలు ఇస్తూ గ్రహగానాన్ని పూర్తిగా తోసిపుచ్చాడు. రుజువు అడిగితే పుట్టుక నుంచి అలవాటైందంటారని, కొలిమిలో పనివాళ్ల చెవుల సంగతి చెబుతారని, ఇలాంటి దాన్ని ఖండించడం కూడా కాలహరణమని అన్నాడు. అరిస్టాటిల్ తర్వాత ఏడు వందల ఏళ్లకు అదే పోలిక ఒక చర్చిలో వినిపించడం చూస్తే ఆ భావం ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది.

ఈ విశ్వగాన భావాన్ని పాఠ్యపుస్తకంగా మార్చినవాడు బోయిథియస్. 6వ శతాబ్దపు ఇటలీలో గోతుల రాజు థియోడొరిక్ కొలువులో ఉన్నత పదవిలో ఉండి, రాజద్రోహం నేరం మీద సుమారు 524లో ప్రాణం కోల్పోయిన పండితుడు. ఆయన సంగీతాన్ని మూడుగా విడదీశాడు: విశ్వ సంగీతం, మానవ సంగీతం, వాద్య సంగీతం. మొదటిదాంట్లో గ్రహాల చలనమే కాదు, ఋతువుల వరస, మూలతత్త్వాల పొందిక కూడా ఉన్నాయి. రెండోది దేహానికీ ఆత్మకూ మధ్య ఉండే శ్రుతి. మనం చెవితో వినేదంతా మూడోదే, అన్నిటికంటే కిందిది. వెయ్యేళ్ల పాటు ఐరోపా విద్యార్థులు గణితం, జ్యామితి, ఖగోళశాస్త్రాల పక్కన నాలుగో శాస్త్రంగా సంగీతాన్ని చదివింది ఈ పుస్తకంతోనే. పాడటం వేరు, సంగీతం తెలియడం వేరని అనుకున్న కాలం అది. ఫ్రాన్సులోని షార్త్ర్ కతీడ్రల్ పడమటి ద్వారం మీద 12వ శతాబ్దపు శిల్పి ఈ చదువును రాతిలో చెక్కాడు. గంటలు మోగిస్తున్న సంగీతదేవి, ఆమె కింద ఒళ్లో బల్ల పెట్టుకుని వంగి రాస్తున్న పైథాగరస్. క్రీస్తుకు ముందు పుట్టిన గ్రీకువాడికి మరియమ్మ పేరిట కట్టిన గుడి గుమ్మం మీద చోటు దొరికింది.

అదే 12వ శతాబ్దంలో, జర్మనీలో రైన్ నది ఒడ్డున, వినడం గురించిన ప్రశ్నకు అన్నిటికంటే లోతైన జవాబు వచ్చింది. బింగెన్‌కు చెందిన హిల్డెగార్డ్ రూపెర్ట్స్‌బర్గ్ కన్యామఠానికి అధిపతి, స్వయంగా వాగ్గేయకారిణి. 1178లో, ఎనభై ఏళ్ల వయసులో, ఆమె మీద పైవాళ్ల ఆంక్ష పడింది. చర్చి ఒకప్పుడు వెలివేసిన ఒక కులీనుణ్ణి తమ మఠంలో పూడ్చడానికి ఒప్పుకున్నారన్నది నేరం. చనిపోయే ముందే అతడికి క్షమాపణ దొరికిందని ఆమె వాదన. శవాన్ని తవ్వి తీయమన్నారు, ఆమె తీయలేదు. దాంతో మఠంలో పాటను నిషేధించారు. ప్రార్థనలు గొంతు తగ్గించి చదువుకోవలసిందే తప్ప పాడకూడదు. హిల్డెగార్డ్ మైంజ్ చర్చి పెద్దలకు రాసిన లేఖ ఇప్పటికీ ఉంది. పాపం చేయక ముందు ఆదాము గొంతులో సమస్త శ్రుతులూ, దేవదూతల గానమూ పలికేవనీ, పతనంతో మనిషి దాన్ని పోగొట్టుకున్నాడనీ, పాడటమంటే ఆ పోయిన గొంతును వెతుక్కోవడమేననీ ఆమె రాసింది. సరైన కారణం లేకుండా దేవుని స్తుతిగానాన్ని ఆపించినవాళ్లకు పరలోకంలో ఆ గానంలో పాలు దొరకదని హెచ్చరించింది. 1179 మార్చిలో నిషేధం ఎత్తేశారు. సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది.

కంచరి కొట్టు వాదం ప్రకారం మన చెవుడు అలవాటు వల్ల వచ్చింది. హిల్డెగార్డ్ ప్రకారం అది మనిషి చేసుకున్నది, కాబట్టి దాన్ని పాటతో కొంతైనా పూడ్చుకోవచ్చు. ఇది గ్రీకులు చెప్పని మాట. విశ్వసంగీతం అంకెల నుంచి గొంతులోకి దిగింది.

గొంతులోకి దిగినా అంకెలు పోలేదు. 1436 మార్చి 25న ఫ్లారెన్స్ కతీడ్రల్ ప్రతిష్ఠకు గియోమ్ దుఫాయ్ ఒక బృందగీతం కట్టాడు. బ్రూనెలెస్కీ గుమ్మటం అప్పుడే పూర్తి కావస్తోంది, పోప్ నాలుగో యూజెనియస్ స్వయంగా వచ్చాడు. ఆ గీతంలో కింది గొంతుల వరస నాలుగుసార్లు తిరిగి వస్తుంది, ఒక్కోసారి ఒక్కో కాలప్రమాణంలో. వాటి నిష్పత్తి 6:4:2:3. ఇది గుమ్మటం కొలతలే అన్నారు కొందరు పరిశోధకులు. మొదటి రాజుల గ్రంథంలో సొలొమోను ఆలయం పొడవు 60 మూరలు, లోపలి పెద్దగది 40, గర్భగృహం 20, ఎత్తు 30 అని ఉందని మరికొందరు చూపించారు. రెండో వివరణే నాకు సరిగా తోస్తుంది, ఎందుకంటే అంకెలు ఒక్కటీ తప్పకుండా కుదురుతున్నాయి. విన్నవాళ్లలో ఎంతమంది ఆ లెక్క పట్టుకోగలరు? ఎవరూ పట్టుకోనక్కర్లేదు. దేవుడు వింటే చాలునన్నది ఆ కట్టుబడిలోని ధీమా.

దుఫాయ్ గీతంలో మన కచేరీలకు అలవాటైన చెవికి కొత్తగా తోచేది మరొకటుంది. నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు వేర్వేరు వరసల్లో పాడుతూ ఒకదానితో ఒకటి పొందికగా సాగుతాయి. ఈ పాలిఫొనీ చర్చి ఒడిలో పెరిగిన కళ. ప్లేటో కథలో ఒక్కో గాయని ఒకే స్వరం పట్టుకుని నిలబడింది, అంటే ఆకాశం ఒక స్వరస్థానాల పట్టిక. పాలిఫొనీ వింటూ పెరిగినవాడు ఆకాశాన్ని ఊహిస్తే ఏమవుతుంది? ఒక్కో గ్రహానికి ఒక్కో వరస దొరుకుతుంది.

ఆ ఊహ చేసినవాడు యోహానెస్ కెప్లర్. 1571లో పుట్టాడు. లూథరన్ పాదిరీ కావాలని ట్యూబింగెన్‌లో దైవశాస్త్రం చదివి, లెక్కల ఉపాధ్యాయుడిగా 1594లో గ్రాజ్ వెళ్లాడు. 1600లో ప్రాగ్‌లో ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహే దగ్గర చేరాడు. టైకో మరుసటి ఏడాదే చనిపోయినా, దుర్భిణి లేని కాలంలో అంతకు మించి ఎవరూ చేయలేనంత కచ్చితమైన ఆయన కొలతలు కెప్లర్ చేతికి వచ్చాయి. కుజుడి కక్ష్యతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 8 కళల తేడాను వదిలేయడానికి మనసొప్పక, వృత్తాన్నే వదిలేశాడు. కక్ష్య దీర్ఘవృత్తమని, సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వేగం పెంచి, దూరమైనప్పుడు తగ్గిస్తుందని 1609లో ప్రకటించాడు. భాగలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ అని మన పంచాంగం చూసేవాళ్లకు తెలుసు. 8 కళలంటే పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు.

వేగం మారుతుందంటే స్వరం మారుతుంది. 1619లో లింజ్‌లో అచ్చయిన 'విశ్వ సామరస్యం' అనే ఐదు భాగాల గ్రంథంలో కెప్లర్ ఈ మాటను చివరికంటా లాగాడు. సూర్యుడి మీద నిలబడి చూస్తే ఒక్కో గ్రహం రోజుకు ఎన్ని కళలు కదులుతుందో తీసుకున్నాడు. శని దూరంగా ఉన్నప్పుడు 1 కళ 46 వికళలు, దగ్గరగా ఉన్నప్పుడు 2 కళల 15 వికళలు. రెండింటి నిష్పత్తి దాదాపు 4:5. మన మాటల్లో షడ్జమం నుంచి అంతర గాంధారం. గురుడికి 5:6, షడ్జమం నుంచి సాధారణ గాంధారం. కుజుడికి 2:3, షడ్జమ పంచమాలు. భూమికి 15:16, అంటే షడ్జమం నుంచి శుద్ధ రిషభం దాకా ఎక్కి మళ్లీ దిగడం, అంతే. శుక్రుడు 24:25తో దాదాపు ఒకే స్వరం మీద నిలిచిపోతాడు. బుధుడు 5:12తో ఒక స్థాయి దాటి పైకి ఎగబాకుతాడు. శని, గురులది మంద్రమైన గొంతు, బుధుడిది అన్నిటికంటే పై గొంతు. భూమి పాడే ఆ రెండు స్వరాలకు పాశ్చాత్యుల పేర్లు మి, ఫా. లాటిన్‌లో దుఃఖానికీ ఆకలికీ అవే తొలి అక్షరాలని కెప్లర్ రాసుకున్నాడు. 1618లో కూతురు పసితనంలోనే చనిపోయింది. తల్లి మీద మంత్రగత్తె అన్న అభియోగం నడుస్తోంది. మతపరమైన ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేయనన్నందుకు సొంత చర్చిలో ప్రభుభోజనం ఆయనకు నిరాకరించారు. ముప్పై ఏళ్ల యుద్ధం ఆ ఏడాదే మొదలైంది. భూమి పాటను ఆయన అలా విన్నాడంటే అర్థం చేసుకోగలం.

ఇంపైన స్వరాలు ఇవే ఎందుకన్న ప్రశ్నకు ఆయన అంకెల దగ్గర ఆగలేదు. స్కేలూ వృత్తలేఖినితో గీయగలిగే సమబహుభుజుల నుంచి వాటిని రాబట్టాడు. త్రిభుజం, చతురస్రం, పంచభుజి గీయవచ్చు. సప్తభుజి గీయలేం, అందుకే 7 సంగీతంలోకి రాదన్నాడు. దేవుడు జ్యామితి తెలిసినవాడు, మనిషి మనసు దేవుని పోలిక, కాబట్టి ఇద్దరికీ ఒకే నిష్పత్తులు ఇంపుగా తోస్తాయి.

మరి ఎవరు వింటారు? ఆకాశంలో చప్పుడేమీ లేదని కెప్లర్ స్పష్టంగా రాశాడు. అది బుద్ధికి అందే సంగీతం, అదీ సూర్యుడి దగ్గర్నుంచి చూస్తేనే. అలాంటి చోటు నుంచి చూసే బుద్ధి ఏదైనా అక్కడ ఉందేమోనని పుస్తకం చివర ఊహించాడు కూడా. ఆరు గొంతులూ ఒకేసారి శ్రుతి కలిసే క్షణం యుగాలకు ఒక్కసారి రావచ్చు, బహుశా సృష్టి జరిగిన నాడు వచ్చి ఉండవచ్చు అన్నాడు. పాలిఫొనీ కనిపెట్టిన మనుషులు ఆ సుదీర్ఘ గానాన్ని గంటలోపు పాటలో అనుకరించి, తన సృష్టిని చూసి దేవుడు పొందిన ఆనందంలో కాస్త రుచి చూస్తున్నారని ఆయన నమ్మకం. సంగీతం గురించి ఇంతకంటే పెద్ద గౌరవంతో ఎవరైనా మాట్లాడారని నేననుకోను.

ఈ నిష్పత్తులు నిజంగా కుదురుతాయా? నేటి కక్ష్యల కొలతలతో లెక్క కట్టవచ్చు. భూమికి గరిష్ఠ, కనిష్ఠ కోణీయ వేగాల నిష్పత్తి 1.069 వస్తుంది, 16ను 15తో భాగిస్తే 1.067. శనికి 1.24, కావలసింది 1.25. గురుడికి 1.21, కావలసింది 1.20. ఒళ్లు జలదరించేంత దగ్గర. కానీ కుజుడికి 1.45 మాత్రమే, 1.50 కాదు. శుక్రుడికి 1.028, కావలసింది 1.042. పంచమం అంత తప్పితే ఏ విద్వాంసుడూ ఒప్పుకోడు. చిన్న అంకెల నిష్పత్తులు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి కనుక ఏ కొలత అయినా ఏదో ఒకదాని దరిదాపుల్లో పడుతుంది. మిగతా అందం యాదృచ్ఛికమే.

అయితే ఆ వెతుకులాటలోనే, ఐదో భాగం మూడో అధ్యాయంలో, ఒక చిన్న ప్రతిపాదనగా, భౌతికశాస్త్రాన్ని మార్చిన వాక్యం ఉంది. 1618 మార్చి 8న అది తట్టిందని, లెక్క తప్పి పక్కన పెట్టేశానని, మే 15న మళ్లీ పట్టుకున్నానని కెప్లర్ తేదీలతో సహా రాశాడు. ఏ రెండు గ్రహాలను తీసుకున్నా వాటి పరిభ్రమణ కాలాల వర్గాలు సగటు దూరాల ఘనాల నిష్పత్తిలోనే ఉంటాయి. భూమి దూరాన్ని ఒకటిగా తీసుకుంటే కుజుడి దూరం 1.524, దాని ఘనం 3.54. కుజుడి సంవత్సరం మన లెక్కలో 1.881 ఏళ్లు, దాని వర్గం 3.54. శ్రుతి కోసం వెతికినవాడికి సూత్రం దొరికింది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకుని న్యూటన్ 1687లో గురుత్వాకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని చూపాడు. పైగా పైథాగరస్‌కు ఇది ముందే తెలుసని న్యూటన్ నమ్మి, తన గ్రంథం కొత్త ముద్రణ కోసం ఆ సంగతి రాతప్రతుల్లో రాసుకున్నాడు. తీగ పొడవు సగం చేసినా, బరువు నాలుగింతలు చేసినా స్వరం ఒకటే. ఈ వర్గ సంబంధాన్నే ప్రాచీనులు గ్రహగానం అనే ముసుగులో దాచారని ఆయన అభిప్రాయం. చరిత్రగా అది నిలవదు. విన్‌చెంజో గెలీలీ కనిపెట్టినదాన్ని ఆయన పైథాగరస్‌కు కట్టబెట్టాడు.

ఆరు గొంతుల మేళం 1781 మార్చి 13న చెదిరింది. ఇంగ్లండులోని బాత్ పట్టణంలో ఒక ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాయించే విలియం హెర్షెల్ తన ఇంటి వెనుక తోటలో సొంతంగా చేసుకున్న దుర్భిణితో యురేనస్‌ను చూశాడు. ఏడో గొంతును పట్టుకున్నవాడు కూడా వృత్తిరీత్యా సంగీతకారుడే.

నేటి జవాబు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: గ్రహాల మధ్య శబ్దాన్ని మోయగలిగినంత పదార్థం లేదు, కాబట్టి వినడానికేమీ లేదు. కానీ పదార్థం దట్టంగా ఉన్నచోట నిజమైన శబ్దతరంగాలే ఉన్నాయి. సూర్యుడి ఉపరితలం సుమారు ఐదు నిమిషాలకోసారి పైకీ కిందికీ ఊగుతుందని 1960ల మొదట్లో గుర్తించారు. లోపల చిక్కుకుని తిరిగే శబ్దతరంగాలు దాన్ని ఊపుతున్నాయి, వాటిని చదివే సూర్యుడి అంతర్భాగం సంగతులు తెలుసుకుంటున్నారు. విశ్వం పుట్టాక తొలి 3,80,000 ఏళ్ల పాటు అంతటా వేడి ప్లాస్మా నిండి ఉండేది. అందులో శబ్దం కాంతి వేగంలో సగానికి మించిన వేగంతో పరిగెత్తింది. ఆ తరంగాల ముద్ర ఆనాటి కాంతిలో ఇప్పటికీ కనిపిస్తుంది, అదీ ఒక ఆధార స్వరం, దాని మీద ఉపస్వరాల వరసగా. ఏ ఉపస్వరం ఎంత బలంగా ఉందో కొలిచే, మామూలు పదార్థం విశ్వంలో 5 శాతమేనన్న లెక్కను నిర్ధారించారు.

చిన్న అంకెలు కూడా ఆకాశంలో ఉన్నాయి, కెప్లర్ వెతికిన చోట కాదు. మనకు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే ఎర్రటి చిన్న నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. లోపలిది 24 చుట్లు తిరిగే లోపు మిగతావి వరసగా సుమారు 15, 9, 6, 4, 3, 2 చుట్లు తిరుగుతాయి. పక్కపక్క గ్రహాల మధ్య 3:2 మూడుసార్లు, 4:3 ఒకసారి వస్తాయి. పంచమమూ మధ్యమమూ అన్నమాట. దీన్ని కక్ష్యా అనునాదం అంటారు. గ్రహాలు పుట్టిన వాయుపళ్లెంలో మెల్లగా లోపలికి జరుగుతూ ఒకదాని గురుత్వంలో మరొకటి చిక్కుకున్నప్పుడు ఇలాంటి నిష్పత్తులు బిగుసుకుంటాయి.

మన సౌరకుటుంబంలోనే ఇలాంటిది ఉంది, దాన్ని 1610లో చూసింది విన్‌చెంజో కొడుకు. గెలీలియో గురుడి చుట్టూ చూసిన నాలుగు చంద్రుల్లో లోపలి మూడూ, అయో, యూరోపా, గానిమీడ్, సుమారు 1.77, 3.55, 7.15 రోజులకోసారి తిరుగుతాయి. 1:2:4. షడ్జమం, తారషడ్జమం, ఆపైన మళ్లీ షడ్జమం. కాలాలకూ దూరాలకూ సంబంధించిన తన సూత్రం ఈ చంద్రులకూ వర్తిస్తుందని కెప్లర్ 1621 నాటికి గమనించాడు. ఈ పొందిక వల్ల యూరోపా, గానిమీడ్‌లు అయోను ప్రతిసారీ ఒకే చోట లాగుతాయి, దాని కక్ష్య ఎన్నటికీ గుండ్రంగా మారదు. గురుడి గురుత్వం అయోను ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా పిసుకుతూనే ఉంటుంది, ఆ రాపిడికి లోపలి రాయి వేడెక్కుతుంది. శాస్త్రవేత్త స్టాంటన్ పీల్, ఆయన సహచరులు ఈ లెక్క కట్టి, అయో లోపల రాయి కరిగి ఉండాలని 1979 మార్చి 2న ప్రచురించారు. మూడు రోజుల తర్వాత వాయేజర్-1 అంతరిక్షనౌక గురుడిని దాటింది. మార్చి 8న అది వెనక్కి తిరిగి తీసిన ఛాయాచిత్రంలో, అయో అంచు మీద వందల కిలోమీటర్ల ఎత్తుకు లేచిన అగ్నిపర్వత ధూళి కనిపించింది.